తలుపు ఎడమవైపు

తోడల్లుడి పేరు టీవీలో పడబోతోందని తెలిసిన మధ్యాహ్నం బాజి అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అన్నంలో తప్పేమీ లేదు పాపం. షిరీన్ చేసిన రొయ్యల ఇగురు వాసన వీధి మలుపు దాకా కొడుతోంది. కడుపులో అప్పటికే మంట మొదలైతే రొయ్యలు మాత్రం ఎక్కడ దిగుతాయి?

కబురు గుడివాడ నుంచి ఫోన్లో వచ్చింది. చెప్పింది షిరీన్ చెల్లెలు నౌషీన్. స్పీకర్ పెట్టుకుని మరీ విన్నారు షిరీనూ, ఆమె తల్లి ఆమినా బీ. ఆదివారం సాయంత్రాలు టీవీలో వచ్చే క్రైమ్ సీరియల్ వాళ్ళు ఈసారి మన కృష్ణా జిల్లాలో షూటింగ్ పెట్టుకున్నారట. కథలో హంతకుడు మహా తెలివైనవాడు. ఎవరినైనా చంపబోయే ముందు, ఆ హత్య జరగబోయే గదిని మంచం, కుర్చీ, కిటికీలతో సహా చిన్న బొమ్మగా చేసి పోలీసులకి పంపుతాడు. ఆ గది ఎక్కడుందో ఇన్‌స్పెక్టర్ కనిపెట్టేలోపు పని కానిచ్చేస్తాడు. అలాంటి బొమ్మ గదులు మూడు కావాలి. వాటిని చేసే పని నౌషీన్ మొగుడు తబ్రేజ్‌కి వచ్చింది. చివర్లో పేరు కూడా వేస్తామన్నారట.

"మన తబ్రేజూ" అంటూ ఆమినా బీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆ 'మన' అన్న మాట బాజికి ముల్లులా గుచ్చుకుంది. అల్లుడై ఇన్నేళ్ళయినా తనని ఏనాడైనా 'మన బాజీ' అందా ఈవిడ? చెయ్యి కడుక్కుని దొడ్లోకి వెళ్ళి నుంచున్నాడు.

బాజి కడుపుమంటకి ఓ చరిత్ర ఉంది. ఆమినా బీ భర్త బందరులో పేరున్న అచ్చుల ఉస్తాదు. కలంకారీ బట్టల మీద పువ్వులూ లతలూ చిలకలూ అద్దడానికి టేకు చెక్క మీద అచ్చులు చెక్కేవాడు. పెడన అద్దకం వాళ్ళంతా ఆయన గుమ్మంలోనే కూర్చునేవాళ్ళు. ఆయనకి శిష్యులు ఇద్దరు, కూతుళ్ళు ఇద్దరు. పెద్ద శిష్యుడు బాజికి షిరీన్‌ని, చిన్నవాడు తబ్రేజ్‌కి నౌషీన్‌ని ఇచ్చి చేశాడు. అంతవరకూ లెక్క సరిపోయింది. చిక్కల్లా మూడో వస్తువు దగ్గర వచ్చింది. అది ఒక్కటే ఉంది మరి, ఉస్తాదు ఉలుల మూట.

పోయేముందు ఉస్తాదు ఆ మూట పెళ్ళాం చేతిలో పెట్టి, నా చెయ్యి ఎవరికొచ్చిందో చూసి వాళ్ళకియ్యి అన్నాడు. ఆమినా బీ దాన్ని తన పెట్టెలో పెట్టి తాళం వేసింది. అప్పటినుంచీ చూస్తూనే ఉంది. ఉండేది బాజి ఇంట్లో, తినేది బాజి అన్నం, చూడటం మాత్రం ఇంకా పూర్తి కాలేదు. ఉస్తాదు బతికున్నప్పుడూ ఇంతే. ఎవరు ఏది చెక్కి చూపించినా "ఊ" అనేవాడు. తనకన్న ఊ పెద్దదా, తబ్రేజ్‌కి అన్న ఊ పెద్దదా అని బాజి పక్క మీద పడుకుని తూకం వేసుకునేవాడు. తబ్రేజ్ చేతిలో ఉలి ఆడుకునేది. ఆ సంగతి బాజికి తెలుసు. తెలుసు కాబట్టే మంట.

పోనీ వాడు పనినే పట్టుకుని వేళ్ళాడాడా అంటే, లేదు. అచ్చులకి గిరాకీ తగ్గగానే చక్కగా గుడివాడ వెళ్ళి దుకాణం పెట్టాడు. పెళ్ళి స్టేజీలకి థర్మాకోల్ నెమళ్ళు, కట్టబోయే అపార్ట్‌మెంట్లకి అట్ట నమూనాలు చేస్తాడు. బాజి మాత్రం బందరు వదల్లేదు, అచ్చు వదల్లేదు. వదలనివాడిని ఎవరూ పట్టించుకోలేదు గానీ వదిలేసి పోయినవాడి పేరు టీవీలో పడుతోంది. ఏం న్యాయమండీ ఇది?

కొద్ది రోజులకి తబ్రేజ్ రెండు అట్టపెట్టెలు ఆటోలో పెట్టుకుని దిగాడు. అత్తగారికి చూపించి ఆశీస్సు తీసుకుందామని వచ్చానన్నాడు. పెట్టెలు విప్పాడు. ఒకదాంట్లో నందివాడ వైపు రైసుమిల్లు ఆఫీసు గది, రెండోదాంట్లో లాడ్జి గది. లాడ్జి గదిలో బల్ల మీద గోరంత టీ గ్లాసు, దాని అడుగున మిగిలిన టీ మరక. ఆమినా బీ ముక్కు దాదాపు ఆ గదిలో పెట్టేసి చూసింది. షిరీన్ అయితే మొగుడు పక్కనే ఉన్నాడన్న ఇంగితం కూడా లేకుండా "ఎంత పనిమంతుడివయ్యా" అంది. బాజి ఆ రెండు గదుల్నీ మూలమూలా గాలించాడు. చివరికి లాడ్జి గదిలో ఫ్యాన్ రెక్క ఒకటి కాస్త వంగి ఉండటం కనిపెట్టాడు. ప్రాణం కొంచెం కుదుటపడింది.

అప్పుడు తబ్రేజ్ అసలు సంగతి బయటపెట్టాడు. మూడో గది తన వల్ల కావడం లేదు. అది దివిసీమలో పాత మేడ, రిటైరైన జడ్జిగారి పడకగది. తలుపుల నిండా నగిషీ, మంచం కోళ్ళకి పువ్వులు. థర్మాకోల్‌కీ అట్టకీ లొంగేది కాదు.

"టేకులో చెక్కాలి అన్నయ్యా. నీ చెయ్యి పడితేనే అవుతుంది" అన్నాడు.

బాజి వెంటనే ఒప్పుకుంటాడా? పెడన వాళ్ళ అచ్చులు మిగిలిపోయాయన్నాడు, నడుం నొప్పన్నాడు. టీ తాగి, ఇంకో టీ తాగి, సరే చూద్దాంలే అన్నాడు. లోపల మాత్రం అప్పటికే తలుపు మీద లత ఎటునుంచి ఎటు పాకాలో గీసేసుకుంటున్నాడు. ఒక్కటి, ఒకే ఒక్కటి చాలు. వాడి రెండు గదుల పక్కన తన గది పెడితే వాడివి సంతలో పిల్లల బొమ్మల్లా కనబడాలి. ఆమినా బీ చూడాలి. పెట్టె తాళం తియ్యాలి.

ఆర్ట్ డైరెక్టర్ తేజస్విని అనే అమ్మాయి ఆ గది ఫోటోలు బాజి ఫోన్‌కి పంపింది. బాజి పనిలో దిగాడు. ఇక అతని గదిలోకి షిరీన్‌ని కూడా రానివ్వలేదు. తలుపు చెక్కాడు, తలుపు మీద లత చెక్కాడు, లతలో వేలెడు లేని చిలకని కూర్చోబెట్టాడు. కిటికీ కమ్మీలు, పడకకుర్చీ, నిలువుటద్దం, గోడకి కొక్కెం, కొక్కేనికి కోటు. తబ్రేజ్ రోజూ ఫోన్ చేసి, ఒక్క ఫోటో పెట్టు అన్నయ్యా, ఎలా వస్తోందో చూస్తాను అనేవాడు. చూసి ఏం చేస్తాడు, కాపీ కొట్టడానికా? పెట్టనుగాక పెట్టను అనుకున్నాడు బాజి. పైకి మాత్రం నెట్ సరిగ్గా రావడం లేదన్నాడు.

ఆ ఒక్క ఫోటో పెట్టి ఉంటే బాగుండేది.

అచ్చుల పని తెలియనివాళ్ళకి ఇక్కడో ముక్క చెప్పాలి. అచ్చు మీద కుడివైపు చూసే చిలక బట్ట మీద పడేసరికి ఎడమవైపు చూస్తుంది. అందుకని చెక్కేవాడు ప్రతిదాన్నీ తిరగేసి చెక్కాలి. బాజి పనిలో చేరిన మొదటి రోజు కాగితం మీద ఎటు చూస్తుంటే అటే చూసే చిలకని చెక్కాడు. ఉస్తాదు దాన్ని పొయ్యిలో పెట్టి, ఆ మంట మీదే టీ కాచి, మళ్ళీ చెక్కమన్నాడు. అలా ఎన్ని చిలకలు పొయ్యిలో పడ్డాయో. పడగా పడగా ఒకనాటికి చెయ్యి తిరగబడింది. ఇక కన్ను కుడి చూస్తే చెయ్యి ఎడమ చెక్కుతుంది, మనసుని అడగదు. ఫోటోలో తలుపు కుడివైపు ఉంది. బాజి చెయ్యి దాన్ని ఎడమవైపు పెట్టింది. ఎడమనున్న కిటికీ కుడికి పోయింది. కుర్చీ, అద్దం, కోటు అన్నీ వాటి వెనకే పోయాయి. పని పూర్తయ్యాక ఫోటో పక్కన పెట్టి సరిచూసుకున్నాడు కూడా. ఏ తేడా కనబడలేదు. తిన్నగా వచ్చి ఉంటేనే అతని కంటికి తప్పుగా కనబడేది.

షూటింగ్ రోజు అవనిగడ్డ బస్సులో పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పైన పెట్టుకోవయ్యా అని కండక్టర్ చెప్పినా వినలేదు. ఏటిగట్టు పక్కన మేడ, మేడ నిండా వైర్లు, లైట్లు. తబ్రేజ్ అప్పటికే గుడివాడ నుంచి వచ్చి ఉన్నాడు. డైరెక్టర్ మోహనకృష్ణ గారు పెట్టె విప్పించి, ఆ పడకగదిలోనే బల్ల మీద బొమ్మని పెట్టించారు. అందరూ బల్ల చుట్టూ మూగారు. తేజస్విని ఆ చిలకని చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. బాజి ఓరకంట తబ్రేజ్‌ని చూశాడు. తబ్రేజ్ మొహంలో నెత్తురు లేదు. బాజికి ఆ క్షణంలో ఉన్నంత హాయి పెళ్ళినాడు కూడా లేదు.

తర్వాత కెమెరా పెట్టారు. బొమ్మ మీద నుంచి కెమెరా పైకి లేచి అసలు గదిలోకి రావాలి. వచ్చింది. కెమెరామన్ తల గోక్కున్నాడు. మళ్ళీ చూశాడు. "సార్, తలుపు ఇటుండాలి కదా" అన్నాడు. అందరూ బొమ్మనీ గదినీ మార్చి మార్చి చూశారు. లైట్ల దగ్గర ఎవడో కిసుక్కున నవ్వాడు. దాంతో ఇంకో ఇద్దరు అందుకున్నారు. తేజస్విని మొహం తెల్లబోయింది. బాజికి ఇంకా అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి పొయ్యిలో పడ్డ చిలకలన్నీ గుర్తొచ్చాయి.

"అది నేనే అలా చెయ్యమన్నానండీ" అన్నాడు తబ్రేజ్.

అందరూ అటు తిరిగారు. తబ్రేజ్ తడుముకోకుండా చెప్పుకుపోయాడు. గదిలో నిలువుటద్దం ఉంది కదా, హంతకుడు ఎప్పుడు వచ్చినా ఆ అద్దం ముందే పని చేసుకుని ఉంటాడని, గదిని అద్దంలోనే చూసి ఉంటాడని తనకి తోచిందట. ముందే అడగాల్సింది, తప్పు తనదేనట. మోహనకృష్ణ గారు చాలాసేపు గడ్డం గోక్కున్నారు. కథలో హంతకుడు డ్రైవరు. డ్రైవర్ని మార్చి, జడ్జిగారికి కోట్లు కుట్టే టైలర్ని చేస్తే? అద్దం ముందు నిలబెట్టి కొలతలు తీసేవాడు? ఆయన మొహం వెలిగిపోయింది. ఆ పూటే కథ మారిపోయింది.

అలా బాజి పరువు నిలబడింది. నిలబెట్టింది ఎవడు? తబ్రేజ్! వాడు కూడా అందరితోపాటు నవ్వి ఉంటే హాయిగా తిట్టుకుంటూ ఇల్లు చేరేవాడు. ఇప్పుడు తిట్టుకునే దారి కూడా లేకుండా చేశాడు. తిరుగు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. తబ్రేజ్ మోపిదేవిలో జామకాయలు కొని ఒకటి చేతిలో పెట్టబోతే బాజి వద్దన్నాడు. తబ్రేజ్ కూడా తినలేదు. బందరు వచ్చేదాకా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడు. లోపల్లోపల మురిసిపోతున్నాడు, పైకి గంభీరం నటిస్తున్నాడు అనుకున్నాడు బాజి.

ఆ కథ టీవీలో పడే ఆదివారం వచ్చింది. తబ్రేజూ నౌషీనూ గుడివాడ నుంచి రైల్లో వచ్చారు. ఆమినా బీ టీవీకి ఎదురుగా కుర్చీ వేయించుకుంది. బాజి గోడకి ఆనుకుని వెనక కూర్చున్నాడు, అవసరమైతే లేచిపోవడానికి వీలుగా. మూడో బొమ్మ ఎవరు చేశారో అతను ఇంట్లో చెప్పలేదు. తన పని వాళ్ళకి నచ్చలేదు, బొమ్మ పెట్టుకోలేదు అని ఏదో గొణిగి ఊరుకున్నాడు.

సీరియల్ మొదలైంది. రైసుమిల్లు గది వచ్చింది, లాడ్జి గది వచ్చింది. నౌషీన్ ప్రతిసారీ అందరి మొహాలూ చూసింది. ఆమినా బీ బాగుంది బాగుంది అంటూనే ఆకు వక్క నములుతోంది. తర్వాత మూడో గది వచ్చింది. టీవీ నిండా చిలక. ఆమినా బీ నమలడం ఆపింది. పోలీసులు ఆ గది కోసం ఊళ్ళన్నీ వెతికారు. అలాంటి గది ఎక్కడా లేదు. చివరికి ఇన్‌స్పెక్టర్ ఒక అద్దం తెచ్చి బొమ్మ ముందు పెట్టాడు. అద్దంలో తలుపు కుడివైపుకి వచ్చి నిలబడింది, జడ్జిగారి గది బయటపడింది, టైలర్ దొరికిపోయాడు.

"ఎంత బుర్రండీ మీకు" అని నౌషీన్ మొగుణ్ణి చూసి మురిసిపోయింది. కావాలని తిరగేయడమంటే మాటలా అంది షిరీన్. పేర్లు పడ్డాయి. బొమ్మ గదులు: తబ్రేజ్, గుడివాడ. బాజి పళ్ళు కొరుక్కున్నాడు. తన తప్పు కూడా వాడి గొప్పే అయిపోయింది.

ఆమినా బీ కుర్చీలోంచి వెనక్కి తిరిగింది.

"ఆ రెండూ బాగున్నాయిరా తబ్రేజూ. ఈ మూడోది చూశాక మాత్రం నాకు ఆయనే కనబడ్డారు. షిరీన్ పుట్టినప్పుడు మీ మావయ్య మా పాత ఇంటిని బొమ్మగా చేసిచ్చారు. వంటిల్లు అటుండాల్సింది ఇటు పెట్టారు. నేను నవ్వితే వారం రోజులు పలకలేదు. ఇది ఆయన చెయ్యే."

అని పెట్టె తాళం షిరీన్ చేతికిచ్చి మూట తెమ్మంది.

ఏ మాట కోసం బాజి ఇన్నేళ్ళు కాచుకున్నాడో ఆ మాట వచ్చింది. వచ్చి పక్కింటికి పోయింది. షిరీన్ పెట్టె తెరిచిన చప్పుడు వినబడుతోంది. నోరు విప్పితే పెళ్ళాం ముందు, మరదలి ముందు, అత్తగారి ముందు పొరపాటు ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ళ పనివాడు కుడి ఎడమలు తెలియక తలుపు మార్చేశాడని నలుగురూ చెప్పుకుంటారు. విప్పకపోతే మూట గుడివాడ రైలెక్కి థర్మాకోల్ నెమళ్ళ మధ్యకి పోతుంది. తబ్రేజ్ వైపు చూశాడు. తబ్రేజ్ తల వంచుకుని నేల చూస్తున్నాడు.

"అది నేను చేసింది అత్తయ్యా" అన్నాడు బాజి. "కావాలని కాదు. చూసుకోలేదు, తిరగబడిపోయింది. అక్కడ అందరూ నవ్వుతుంటే తమ్ముడే అబద్ధమాడి నా పరువు కాపాడాడు."

షిరీన్ మూట పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. ఆమినా బీ అల్లుణ్ణి ఎగాదిగా చూసింది.

"కావాలని చేసిందైతే నాకెందుకురా అది" అంది. మూట తెప్పించి బాజి ఒళ్ళో పెట్టింది. అప్పుడు చిన్నల్లుడి వైపు తిరిగింది. "నీది కానప్పుడు ఎందుకు మాట్లాడలేదు నువ్వు?"

తబ్రేజ్ తల ఎత్తలేదు. "ఒక్క నిమిషం నాదే అనిపించుకుందామని అత్తయ్యా" అన్నాడు. "ఆ మేడలో పెట్టె విప్పగానే నాకు కడుపు మండిపోయింది. గది తిరగబడిందని మిగతావాళ్ళకి తర్వాత తెలిసింది గానీ నాకు చూడగానే తెలిసింది. నేనూ రెండు గదులు చేశాను అన్నయ్యా, ఒక్కటీ తిరగబడలేదు. నా చెయ్యి తిన్నగా పోతోంది. ఎప్పటినుంచి పోతోందో కూడా నాకు తెలీదు."

గెలిచానని బాజి గంతెయ్యాలి నిజానికి. మూట విప్పాడు. ఉస్తాదు చెమటకి నల్లబడ్డ పిడులు, మొనలకి ఇంకా పట్టి ఉన్న నూనె. గదిలోంచి ఒక టేకు ముక్క, పెన్సిల్ తెచ్చి తబ్రేజ్ ముందు పెట్టాడు. గోడ మీద ఉస్తాదు అచ్చుతో అద్దిన బట్ట ముక్క ఉంది, దాని మీద ఎడమవైపు చూసే చిలక. దాన్ని చూపించి, గియ్యి అన్నాడు.

తబ్రేజ్ గీశాడు. ముక్కు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. చెక్క మీద చిలక కూడా ఎడమవైపే చూస్తోంది. అతను పెన్సిల్ కింద పెట్టేసి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఇలాంటి రోజు కోసం బాజి ఎన్నిసార్లు కలగన్నాడో అతనికే తెలుసు. తీరా వచ్చాక ఆ చిలకకేసి చూడబుద్ధి కాలేదు.

బాజి ఉలి అంచుతో దాన్ని గీకేశాడు. చెక్క మళ్ళీ అతని ముందుకి జరిపాడు.

"ముక్కు అటు తిప్పు తమ్ముడూ" అన్నాడు.

తబ్రేజ్ కళ్ళు తుడుచుకుని మళ్ళీ పెన్సిల్ అందుకున్నాడు. ఈసారి మెల్లగా, ఒక్కో గీతకీ ఆగి ఆలోచించుకుంటూ గీశాడు. ముక్కు కుడివైపుకి వచ్చింది. కన్ను వచ్చింది, రెక్క వచ్చింది. చివరికి తోక. తోక దగ్గర మాత్రం ఆలోచించలేదు. ఒక్క ఊపులో లాగేశాడు, అచ్చం ఉస్తాదు లాగినట్టే. ముప్పై ఏళ్ళుగా బాజి లాగాలని చూస్తున్న గీత అది. ఒక్కసారి కూడా అలా రాలేదు.

బాజికి మళ్ళీ ఒళ్ళంతా భగ్గుమంది. కాసేపు ఆ తోకకేసే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మూటలోంచి అన్నింటికన్నా సన్నటి ఉలి ఏరి తోడల్లుడి చేతిలో పెట్టాడు.